సన్మానపత్రానికి నౌకాటీక

మూలం: "సంసారసాగరమున జీవననౌకకు చుక్కానియై, తెరచాపయై, లంగరై విరాజిల్లు మహోదయా!"

టీక: ప్రతిపదార్థము సుగమము, కనుక విడువబడినది. సందర్భము: గుంటూరులో ఉద్యోగ విరమణ సన్మానం. సభ ఆరింటికన్నారు. మహోదయులు విరాజిల్లేసరికి ఎనిమిది దాటింది.

శంక: తెరచాప ఎత్తి లంగరు దింపితే పడవ ఎటు పోవును?

సమాధానము: ఎటూ పోదు. మహోదయులు సర్వీసంతా ఒకే సీటులో గడిపారు గనుక అన్వయదోషం లేదు.

'చుక్కానియై': 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ మహిళలు గోవా నుంచి 'తారిణి' అనే 55 అడుగుల తెరచాప పడవలో భూప్రదక్షిణకు బయల్దేరారు. వారిలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మనవాళ్లు. అటువంటి పడవలో నిద్ర కూడా వంతులవారీగానే. కేప్ హార్న్ దాటి తిరిగొస్తుండగా చుక్కాని యంత్రాంగం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి, 2018 మే 21న గోవా చేరారు. నీళ్లలో దిగిన చుక్కానికే మరమ్మతు. వేదికనెక్కిన చుక్కానికి శాలువా.

'సాగరమున': ఇక్కడ కొంచెం ఆగాలి. చినగంజాం పక్కనున్న మోటుపల్లిలో 1244 నాటి కాకతీయ గణపతిదేవుని అభయశాసనం ఉంది. పూర్వరాజులు తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా ఊడ్చుకునేవారు. ఈయన సుంకం చాలన్నాడు, అదీ ముప్పయ్యో వంతు. సుంకాల పట్టీలో కర్పూరం, పన్నీరు, దంతం, పట్టునూలు, పగడాలు. పగడమంటే మధ్యధరా సముద్రం పేరు చెప్పుకొని అమ్ముడయ్యే సరుకు. ఎన్ని ఓడలు మారి మన రేవు చేరేదో! మార్కోపోలో ఈ సీమ బట్టను సాలెగూటితో పోల్చాడు. శ్రీనాథుడి హరవిలాసం అందుకున్న అవచి తిప్పయసెట్టి ఓడ బేరగాడే. అంతెందుకు, ఆ రాత్రి మాకు పెట్టిన బజ్జీలో మిరపకాయ పూర్వీకులు పోర్చుగీసు ఓడ దిగినవారే.

మహోదయులను మరిచాం. పత్రం ఇంకా చదువుతున్నారు.

విశేషము: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పత్తి, మిరప చేలు మునిగాయి. ఓడ పగిలిన పరదేశి సరుకు ఊడ్చుకోనన్న రాజు ఏలిన నేల ఇది. ఇప్పుడు తడిసిన మిరప టిక్కీ (బస్తా) యార్డుకు తెస్తే తేమ పేరు చెప్పి ధర కోస్తారు. ఆ రైతుకు అభయశాసనం ఏది? సాగరం వర్ణించిన కవి దీన్ని స్పృశించలేదు. సభలో వెనక వరసల్లో కూర్చున్నది ఆ రైతులే.

తాత్పర్యము: మహోదయులు రిటైరయ్యారు.

పత్రరచయితలకు మనవి: ఇకపై ఎవరినైనా ఓడ ఎక్కించేముందు నిజాంపట్నం రేవులో ఒక సరంగును అడగండి. పత్రం ఐదు నిమిషాల్లో ముగించండి.