ఎలుగు సంతకం

జీడితోటలు కాపుకొచ్చాయంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అటవీ శాఖ సలహాలూ కాపుకొస్తాయి. ఎలుగులు తిరుగుతున్నాయి, తెల్లారగట్ల తోటకెళ్లొద్దు. చీకటి పడ్డాక అసలే వద్దు. పదిమందీ కలిసి, చప్పుడు చేసుకుంటూ వెళ్లండి. ఒక్క మాటా తప్పు కాదు. కాకపోతే రాత్రి రాలిన జీడిపిక్క తెల్లారేసరికి ఏరుకోకపోతే ఇంకెవరో ఏరుకుంటారు. ఎండెక్కాక పళ్లేలు వాయించుకుంటూ ఊరేగింపుగా వెళ్తే మిగిలేది ఆకులే. ఆ పదిమందికీ కూలి ఎవరిస్తారో సలహాలో లేదు.

వజ్రపుకొత్తూరు, మందస ఎలుగులకు ఈ చిక్కుల్లేవు. వాటికి కావలసింది పండు, మనకు పిక్క. గోవాలో ఆ పండుతో ఫెనీ అనే సారా కాస్తారు. మనం పిక్క తుంచుకుని పండును చెట్టుకిందే పారేస్తాం. అది పులిసి, వాసన తోట దాటి రోడ్డెక్కుతుంది. విస్తరేసి పెట్టి, చుట్టం దిగాక లబోదిబోమనడం మనకే చెల్లింది.

జీడి అయిపోతే గుళ్లు. దీపారాధన నూనె, కొబ్బరి చెక్కలు, మిగిలితే ప్రసాదం. అప్పుడప్పుడూ కిరాణా కొట్టు, అంగన్‌వాడీ తలుపు కూడా. వేలిముద్ర పడలేదనీ, సర్వర్ పనిచెయ్యడంలేదనీ అనిపించుకోకుండా సరుకు అందుకునేది ఈ చుట్టుపక్కల ఎలుగొక్కటే.

'వన్యప్రాణుల బెడద' అని రాస్తారు ఫైళ్లలో. వాటికొచ్చిన బెడద మాత్రం రాయరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి జీడినీ కొబ్బరినీ వేళ్లతో సహా పెకలించింది. రైతుల నష్టం లెక్కకట్టడానికి అధికారులొచ్చారు, ఎలుగుల తోటలెన్ని పోయాయో ఎవరూ అడగలేదు. టెక్కలి కొండల నీలి గ్రానైట్ పలకలై దేశదేశాలు తిరుగుతోంది. కొండమీద కాపురమున్న ఎలుగులకు పునరావాస ప్యాకేజీ ఇచ్చిన జాడ లేదు.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో మాత్రం నవ్వులాట కాలేదు. ఎలుగు ఒక రైతును చంపింది, ఇంకొందరిని చీరేసింది. మత్తుసూది వేసి బోనులో పెట్టారు. విశాఖ జూ చేరకుండానే అదీ చచ్చిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూల్లో, పులి పక్కనే కూర్చోబెట్టింది. పిక్కలేరే ఆడమనిషిని కూర్చోబెట్టడానికి ఏ షెడ్యూలూ ఖాళీ లేదు.

"ఏటి సేత్తాం బాబూ, దాని కడుపు దానిది, మన కడుపు మనది" అంటారు ఊళ్లో. ఎలుగుల మీద ఇంతకంటే మంచి నివేదిక నేను చదవలేదు.

నాదో చిన్న మనవి. పండు కొనే ఫ్యాక్టరీ ఒకటి పెట్టిస్తే తోటల్లో పులిసే పండు కుప్పలుండవు, రైతుకూ నాలుగు డబ్బులు. కానీ 80 కిలోల పిక్కల బస్తాకు 16 వేలు ఇప్పించండని రైతులు మొత్తుకున్నప్పుడే పలికిన నాథుడు లేడు. ఇక పండు సంగతి అర్జీ పెడితే, లబ్ధిదారుల్లో ఎలుగు కూడా ఉంది కదా, దాని సంతకం పట్టుకురమ్మంటారు.