గుట్టు బాబాయి గారి ఫోను

బాబాయి గారు మహా గుట్టు మనిషి. ఆయన జీతమెంతో రిటైరయ్యేదాకా పిన్నిగారికి తెలీదు. పింఛనెంతో ఇప్పటికీ తెలీదు. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకీ ఆ బీరువాకీ మాత్రమే ఎరుక. గుంటూరులో వాళ్లుండే అపార్ట్‌మెంటు మొత్తానికి తలుపు మీద పేరు లేని ఫ్లాటు అదొక్కటే. పొద్దున్నే సంచీ పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డ ఆయన్ని "ఎక్కడికి బాబాయి గారూ?" అని ఎవరైనా అడిగారో, అయిపోయింది. వెనక్కి వెళ్లి, చెప్పులు విప్పి, కుర్చీలో కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగితే గాని మళ్లీ గడప దాటరు. 2011 జనాభా లెక్కల కోసం ముందుగా ఇళ్ల వివరాలు రాసుకోవడానికి వచ్చిన టీచరమ్మ "టీవీ ఉందాండీ?" అని అడిగితే, వెనక హాల్లో సీరియల్ మోగిపోతుండగా, "ఎందుకమ్మా మీకవన్నీ?" అన్నారట.

ఇంతటి మనిషీ ఫోను చేతిలోకి తీసుకున్నారంటే కర్ణుడే.

"మీ కాంటాక్టులు చూడవచ్చా?" అంటుంది యాపు. అలౌ. "మైకు వాడుకోవచ్చా?" అలౌ. "మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా?" ఏ ప్రశ్న వినబడితే లిఫ్టు దగ్గర్నుంచి వెనక్కి తిరిగిపోయారో అదే ప్రశ్న! దానికీ అలౌ. ఒకసారి ఆయన ఫోన్లో ఉన్న పంచాంగం యాపు చూశాను. రాహుకాలం ఎప్పుడో చెప్పడానికి దానికి ఆయన కాంటాక్టులన్నీ కావాలట. "వర్జ్యానికీ మీ బావమరిది ఫోన్ నంబరుకీ ఏమిటి సంబంధం బాబాయి గారూ?" అన్నాను. "దానికేదో అవసరం ఉండే అడిగుంటుందిలేరా, ఊరికే ఎందుకడుగుతుంది?" అన్నారు. ఈ పాటి మర్యాద ఆ టీచరమ్మకి దక్కలేదు.

పైగా ఆ కాంటాక్టుల్లో ఏ.టి. మూర్తి అని ఒకాయన ఉన్నారు. అలాంటి మనిషి లోకంలో లేడు. ఏటీఎం పిన్ను మర్చిపోకుండా, ఎవరికీ అనుమానం రాకుండా, బాబాయి గారు కనిపెట్టిన మనిషి ఆయన. నంబరులో చివరి నాలుగంకెలే అసలు సరుకు, ముందున్న ఆరూ ఆయనకి తోచినవి. ఉపాయం మంచిదే. కాని ఓ సంక్రాంతికి బాబాయి గారు పేరుపేరునా అందరికీ శుభాకాంక్షలు పంపితే, ఏ.టి. మూర్తి నుంచి "మీకూనండీ, ఇంతకీ మీరెవరు?" అని జవాబొచ్చింది. ఆ నంబరు ఎవరిదో పాపం! బాబాయి గారికి ఆ రాత్రి నిద్ర లేదు. పిన్ను మార్చారు. మూర్తిగారిని తీసేసి కె.బి. శాస్త్రిగారిని చేర్చారు. ఇప్పుడు శాస్త్రిగారు కూడా పంచాంగం యాపుకి పరిచయస్తులే.

ఇది ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారెయ్యకండి. హైదరాబాదులో సాఫ్టువేరు చేసే కుర్రబాబాయిల్ని నేనెరుగుదును. లాప్‌టాప్ కెమెరా మీద స్టిక్కరు అంటిస్తారు, దోశ తెచ్చే యాపుకి మాత్రం ఇల్లూ ఆఫీసూ అత్తారిల్లూ మూడూ పేర్లతో సహా రాసిస్తారు. గుట్టు బాబాయికి వయసుతో పనిలేదు.

"నా దగ్గర ఏముందిరా దాచుకోడానికి?" అంటారు బాబాయి గారు ఎప్పుడు అడిగినా. మాట అన్నాక ఓసారి వెనక్కి చూసి, పిన్నిగారు వినలేదని రూఢి చేసుకుంటారు.

చాలాకాలం ఇది వట్టి వైరుధ్యమనే అనుకున్నాను. దగ్గరుండి చూస్తే కాదు. ఆయన లెక్క ఆయనకుంది. గుట్టు అనేది తెలిసినవాళ్ల దగ్గర దాచవలసింది. తెలియనివాడి దగ్గర దాచి ఏం లాభం? అబ్బాయి జీతం కాకినాడలో ఉన్న తోడల్లుడికి తెలిస్తే అప్పడుగుతాడు, లేదా వాళ్లబ్బాయి జీతంతో పోలుస్తాడు. రెండూ ప్రమాదాలే. కాలిఫోర్నియాలో ఎవడో కంపెనీవాడికి తెలిస్తే ఏం చేస్తాడు? చీటీ పాటకి హామీ ఉండమని గుమ్మంలోకొస్తాడా? పెళ్లిలో పక్కన కూర్చుని "పొలం అమ్మేశారటగా" అంటాడా? బాబాయి గారి ప్రపంచంలో ఆపదలన్నీ చుట్టరికం పిలుస్తూనే వచ్చాయి. వరస పెట్టి పిలవనివాణ్ణి ఆయన ఎన్నడూ అనుమానించలేదు.

మన పెద్దలు దాచుకోవలసినవి తొమ్మిదని లెక్క కట్టారు: వయసు, సొమ్ము, ఇంటి లొసుగులు, మంత్రం, ఔషధం, దాంపత్యం, దానం, గౌరవం, అవమానం. ఇవి బాబాయి గారికి కంఠోపాఠం. మనవలకి కూడా నేర్పారు. మరి ఫోనో! "గతజన్మలో మీరెవరు?" అనే ఆటకి వయసు, పుట్టినతేదీతో సహా సమర్పించుకున్నారు. (శ్రీకృష్ణదేవరాయలని వచ్చింది. ఆ ఫలితం కుటుంబ గ్రూపులో పెట్టారు. తోడల్లుడికి కూడా శ్రీకృష్ణదేవరాయలే వచ్చిందని తెలిశాక తీసేశారు.) ఔషధం మందుల యాపుకి తెలుసు. సుగరు మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరుగారన్నా చీటీ చూసి చెప్తారు, ఆ యాపు చూడకుండా చెప్తుంది. మంత్రం సంగతంటారా, ఈ కాలానికి మంత్రమంటే ఓటీపీయే. దాన్నైనా కాపాడతారనుకుంటే, టార్చి యాపు మెసేజీలు చదువుతానంటే అలౌ అన్నారు. దాంపత్యం జోలికి నేను పోను.

ఆ టార్చి యాపు గురించి మాత్రం చెప్పాలి. ఫోన్లో కంపెనీవాడే ఇచ్చిన టార్చి ఉంది, ఆయనకి అది చాల్లేదు. టార్చిలకి అంత సచ్చరిత్రేమీ లేదని చెప్పి చూశాను. అమెరికాలో బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అని కోట్లమంది దించుకున్న యాపొకటి ఉండేది. దీపం వెలిగించడం తప్ప మరో పని లేని ఆ యాపు, మనుషులెక్కడున్నారో ప్రకటనల కంపెనీలకి చేరవేస్తోందని 2013లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. షరతులకి ఒప్పుకుంటున్నామని జనం మీట నొక్కకముందే పంపడం మొదలెట్టేసిందట. బాబాయి గారు అంతా విని, "చూశావా, నొక్కినా నొక్కకపోయినా ఒకటే. మరి నొక్కితే పోలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అలాగని ఆయనకి భద్రత పట్టదనుకుంటే పొరపాటు. ఏటీఎంలో పిన్ను కొట్టేటప్పుడు తువ్వాలు కప్పుతారు. సూపర్ బజారులో కొత్తిమీర కట్టకి బిల్లు వెయ్యడానికి ఫోన్ నంబరు చెప్పమంటే మాత్రం, వెనక క్యూలో ఆఖరివాడిక్కూడా వినబడేలా పదంకెలూ చదువుతారు. నంబరు ఇవ్వకపోతే బిల్లు వెయ్యమని పట్టుపట్టకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకి చెప్పింది. ఆ మాటంటే, "పాపం, ఆ పిల్ల అడిగితే ఎలా కాదంటాం?" అంటారు.

గోప్యతా ఉద్యమాల్లోనూ ఆయన ఎప్పుడూ ముందే. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాపుల్ని నిషేధించినప్పుడు ఆ రాత్రే టిక్‌టాక్, క్యామ్‌స్కానర్ తీసిపారేసి, వాటి స్థానంలో అచ్చం అవే పనులు చేసే స్వదేశీ యాపులు రెండు దించి, వాటికి అవే పర్మిషన్లు దేశభక్తితో ఇచ్చారు. 2021 జనవరిలో వాట్సాప్ షరతులు మారుస్తోందన్నప్పుడు, "వెంటనే వాట్సాప్ వదిలెయ్యండి" అని వాట్సాప్‌లోనే అందరికీ పంపి, తను సిగ్నల్ యాపుకి వలసపోయారు. అక్కడ గుట్టుంది గాని, గుడ్ మార్నింగ్ లేదు. గులాబీ పువ్వుల బొమ్మలు పంపేవాడు లేడు. చప్పుడు చెయ్యకుండా తిరిగొచ్చేశారు. ఏటా ఒకసారి "నా ఫోటోలు వాడుకునే హక్కు ఫేస్‌బుక్‌కి ఇవ్వడం లేదు, ఇది చట్టపరమైన ప్రకటన" అని గోడ మీద అంటించే పుణ్యాత్ములున్నారే, వారిలో బాబాయి గారు సీనియరు. దాని కిందనే మనవరాలి పుట్టినరోజు ఫోటోలు ముప్ఫై, స్కూలు యూనిఫారంతో సహా.

ఫేస్‌బుక్ అంటే గుర్తొచ్చింది. ఒక వ్యక్తిత్వ పరీక్ష యాపు ద్వారా ఫేస్‌బుక్ జనం వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి చేరిన గొడవ బయటపడ్డాక, 2018లో ఫేస్‌బుక్కే ఒక లెక్క చెప్పింది. మన దేశంలో ఆ వ్యక్తిత్వ పరీక్ష యాపుని దించుకున్నవాళ్లు 335 మంది. వివరాలు బయటికి పోయి ఉండవచ్చన్నవాళ్లు 5 లక్షల 62 వేలమంది. మిగతావాళ్లు చేసిన నేరం ఆ యాపు దించుకున్నవాళ్లకి స్నేహితులవడమే. నాకేముంది దాచుకోడానికి అనేవాడు తనకున్నదే ఇస్తే గొడవ లేకపోను. ఏ.టి. మూర్తిని వదిలేసినా, బాబాయి గారి కాంటాక్టుల్లో నేనున్నాను, మా ఆవిడ ఉంది, పాలబ్బాయి ఉన్నాడు. మా తరఫున అలౌ నొక్కింది ఆయన బొటనవేలే.

ఈ సంగతి ఆయనకి అర్థమైంది నా ఉపన్యాసం వల్ల కాదు. ఓ మధ్యాహ్నం ఆయనకి ఫోనొచ్చింది. అవతల ఎవడో బండబూతులు. "ఫలానావాడు మీకేమవుతాడు? అప్పు తీసుకుని ఎగ్గొట్టాడు, చెప్పండి వాడికి." అప్పిచ్చే యాపువాళ్లు ఆ కుర్రాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ వరసపెట్టి చేస్తున్నారన్నమాట. ఇది నవ్వే విషయం కాదు. 2020 చివర్లో ఇలాంటి వేధింపులకే తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, హైదరాబాదు పోలీసులు అరెస్టులు చేశారు. తర్వాత 2022 సెప్టెంబరులో, అప్పిచ్చే యాపులు ఫోన్లోని కాంటాక్టులూ కాల్ వివరాలూ ఫైళ్లూ ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. దొంగ యాపులు రిజర్వు బ్యాంకుని అడిగి పుట్టవు కదా.

సాయంత్రం బాబాయి గారు నా దగ్గరికొచ్చారు. "మాకు తెలిసినవాళ్లబ్బాయి" అన్నారు. ఎంత అడిగినా పేరు చెప్పలేదు, కాకినాడ తోడల్లుడి కొడుకేనని నేనే ఊహించుకున్నాను. కాకినాడవాళ్ల గురించి ఆర్నెల్లకి సరిపడా మాట్లాడుకోగల అవకాశం చేతికి చిక్కినా పిన్నిగారి దగ్గర కూడా నోరు విప్పలేదు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యమని నేను చెబితే, నంబరు చేతి మీద రాసుకుని వెళ్లారు. ఆయన గుట్టు వట్టి లోభం కాదని నాకు తెలిసింది అప్పుడే. కాని వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అయితే వాడెవడికో నా నంబరు నేనివ్వకుండానే వెళ్లిందంటావ్?" అన్నారు. అన్నాను. "అంటే నేను నొక్కితే మా తోడల్లుడి నంబరు వెళ్తుంది, ఆయన నొక్కితే నాది వెళ్తుంది." అవునన్నాను. "ఆయన అన్నిటికీ నొక్కేస్తాడురా!" అన్నారు, నిజంగా భయపడిపోయి.

తప్పంతా ఆయనదే అంటే నేనొప్పుకోను. అలౌ మీట నీలంరంగులో అరచేతంత ఉంటుంది, వద్దనే మాట చీమ అక్షరాల్లో మూలనుంటుంది. వద్దంటే యాపు మూసుకుపోతుంది, గ్యాసు బండ బుక్కవదు. 2015లో మార్ష్‌మాలో అనే వెర్షను రాకముందు ఆండ్రాయిడ్‌లో ఒక్కొక్కటిగా కాదనే దారి కూడా లేదు, దించుకుంటే అన్నీ ఇచ్చినట్టే. షరతులు చదవమంటారు. బాబాయి గారు శుభలేఖని అడుగున ప్రెస్సు పేరుదాకా చదివే మనిషి, ఆయనే చదవలేకపోయారంటే అవి చదవడానికి రాసినవి కావు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం ఇకమీదట మన వివరాలు ఎందుకడుగుతున్నారో తెలుగులో కూడా చదువుకునే వీలు కల్పించాలి. చూద్దాం. ఏ తెలుగులో రాస్తారో అన్నదే నా బెంగ.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఆయనకి చెప్పాను. ఎనభై దాటిన వయసులో కోర్టుకెక్కిన కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారి కేసది. తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు. "తొమ్మిదిమందా!" అని బాబాయి గారు ఎంతో సంతోషించారు. "గుట్టుకొకరు చొప్పున వేశారన్నమాట."

ఇంత జరిగాక మొన్న ఆదివారం తనే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆ లొకేషన్ అంటావే, అది ఎలా ఆపాలో చూపించు." సెట్టింగుల్లోకి తీసుకెళ్లాను. ఏ యాపు ఎప్పుడు చూసిందో జాబితా వచ్చింది. పంచాంగం, టార్చి, మందుల షాపు, పేరు కూడా తెలియని రెండు ఆటలు, ఎన్నడూ ఎక్కని టాక్సీ. కళ్లద్దాలు సర్దుకుని అన్నీ పట్టి పట్టి చూశారు. ఆఖరికి, అమెరికా నుంచి కోడలు పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు పెట్టి వెళ్లిన మ్యాప్స్ షేరింగు దగ్గర వేలు ఆగింది. మామగారు వాకింగుకి వెళ్లి దారి తప్పితే తెలుస్తుందని, ఆయనెక్కడున్నారో పిన్నిగారి ఫోన్లో కనబడేట్టు ఆ అమ్మాయి చేసిన ఏర్పాటది.

"ఇదే! ఇదే!" అన్నారు బాబాయి గారు. "బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గర నిలబడ్డానని మీ పిన్ని అక్కడ ఇంట్లో కూర్చుని డాక్టరుకి ఎలా చెప్పిందా అని నెల్రోజుల్నుంచీ చస్తున్నా."

అది ఆపేశారు. మిగతావాటి సంగతేమిటన్నాను.

"వాటికేం, ఉండనీ. అవి డాక్టరుకి చెప్తాయా?" అని ఫోను జేబులో వేసుకుని లేచారు. ఎక్కడికని నేను అడగలేదు.