నేను జప్తయిన ఇంటిని

మాది కేప్‌టౌన్‌లో కెనిల్‌వర్త్ పేట. ఉన్నది దక్షిణాఫ్రికాలోనే గానీ, దస్తావేజులో నా యజమాని జింబాబ్వే ప్రభుత్వం. నాలో రాయబారులు కాపురమేమీ లేరు. నన్ను అద్దెకిచ్చారు. ఆ అద్దే నా కొంప ముంచింది. దౌత్యానికి వాడే భవనమైతే కోర్టువాళ్లు గేటు తాకలేరు. అద్దె తెచ్చిపెట్టే ఇంటికి ఆ రక్ష లేదు.

అసలు తగాదా ఎక్కడిదో! జింబాబ్వేలో మైక్ క్యాంప్‌బెల్ అనే తెల్ల రైతు పొలాన్ని సర్కారు తీసేసుకుంది. వలస పాలనలో నల్లవారి భూములు లాక్కున్న మాట నిజమే, దాన్ని సరిదిద్దాల్సిందే. కానీ 2005లో రాజ్యాంగాన్నే సవరించి, భూమి పోయినవాడు కోర్టు గడప తొక్కకుండా చేశారు. దాంతో ఆయన నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ఉన్న, ఆఫ్రికా దక్షిణ దేశాల కూటమి సాడ్క్ ట్రిబ్యునల్‌కెక్కాడు. మరో 77 మంది రైతులు జతయ్యారు. 2008 నవంబరు 28న తీర్పు వచ్చింది: న్యాయం అడిగే దారి మూసి, జాతి వివక్ష చూపి, 1992 నాటి సాడ్క్ ఒప్పందాన్ని జింబాబ్వే ఉల్లంఘించింది.

జింబాబ్వే ఖాతరు చేయలేదు. ట్రిబ్యునల్‌కు సొంత అమీనా లేడు. మాట వినని దేశం సంగతి సాడ్క్ దేశాధినేతల సభకు నివేదించడం వరకే దాని పని. ఆ సభలో నిర్ణయం జరగాలంటే అందరూ ఒప్పుకోవాలి, ముద్దాయి కూడా అక్కడ కూర్చునే ఉంటాడు! చివరికి 2010లో వాళ్లు పక్కన పెట్టింది ట్రిబ్యునల్‌నే. 2014 ప్రోటోకాల్‌లో మామూలు మనిషి అక్కడ దావా వేసే హక్కే తీసేశారు.

రైతులు మాత్రం 2009లో ట్రిబ్యునల్ ఇచ్చిన కోర్టు ఖర్చుల డిక్రీ పట్టుకుని దక్షిణాఫ్రికా కోర్టులకు వచ్చారు. దక్షిణాఫ్రికా కూడా సాడ్క్ ఒప్పందంలో ఉన్నదే కాబట్టి డిక్రీ అమలు చేయాల్సిందేనని 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. అలా కోర్టువాళ్ల చూపు నా మీద పడింది. కొనేవాళ్లకేం, గోడల చెమ్మ చూస్తారు, బేరం చూస్తారు. నా మీదున్న తగాదా ఎవరికి పట్టింది? 2015 సెప్టెంబరులో వేలంలో 37.6 లక్షల రాండ్లకు పోయాను.

క్యాంప్‌బెల్ అది చూడలేదు, 2011లోనే కన్నుమూశాడు. ఆయన కుటుంబానికి పొలం తిరిగి రాలేదు. 2014 ప్రోటోకాల్‌పై దక్షిణాఫ్రికా అధ్యక్షుడు చేసిన సంతకం రాజ్యాంగ విరుద్ధమని, వెనక్కి తీసుకోవాలని 2018లో అదే రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. అయినా విండ్‌హోక్‌లో ఆ ట్రిబ్యునల్ మళ్లీ తెరుచుకోలేదు.