పన్నెండు బిళ్ళల లెక్క

ఏమబ్బయా, లెక్కల క్లాసంటే మీకు తిరనాళ్ళయిపోయింది. మొన్న ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలికి క్యారియర్ ఇచ్చొద్దామని బడికి పోతినా, మా ఇసకపల్లి ఒడ్డున చేపల వేలం కూడా అంత గోలగా ఉండదు. పిల్లలు తలా ఒక చీటీ పట్టుకోని జత కోసం తిరగతా ఉండారు. ‘గుణిస్తే 12, కూడితే 7’ అని ఒకడరిస్తే, ‘మూడూ నాలుగూ ఇక్కడ’ అని ఇంకో మూల నుంచి కేక. టీచరమ్మ నవ్వతా ఉండాది! లెక్కల టీచరు నవ్వేది నా డెబ్బై ఏళ్ళలో అదే చూడడం.

మా రోజుల్లో కారణాంక విభజనంటే బోర్డు మీద లెక్క, అయ్యవారి చేతిలో చింత బరిక. మధ్య పదం విడగొట్టరా అనేవాడు. ఎందుకో ఆయన చెప్పలా, మేం అడగలా, అడిగితే గోడకుర్చీ. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికొస్తే చాలు, పన్నెండు కనపడగానే రెండార్లు, మూడునాలుగులు వాటంతటవే వచ్చి పడేవి. బడి వదిలితే సర్వితోపులోంచి బకింగ్‌హాం కాలవ గట్టుకి పరిగెత్తేవాళ్ళం, ఉప్పు పడవలు చూడను. ఆ పడవలూ పోయినాయి, ఆ ఎక్కాలూ పోయినాయి. బరిక పోయిందని మాత్రం నా వేళ్ళ కణుపులకు బాధేం లేదులే.

ఇంటికొచ్చి ఆ పిల్ల అట్టముక్కలు పరిచింది. పెద్ద చదరం ఎక్స్ స్క్వేరంట, ఏడు బద్దలు ఒక్కోటీ ఎక్సంట, పన్నెండు చిన్న బిళ్ళలు. సందు లేకుండా దీర్ఘచతురస్రంగా పేరిస్తే ఒక పక్క ఎక్స్ ప్లస్ 3, ఇంకో పక్క ఎక్స్ ప్లస్ 4. అవే కారణాంకాలు. ఇదేందే, మా నాయన ఉప్పుమడి కొలిచినట్టుండాదే అన్నా. అన్నాక తిక్కగా అనిపించింది. మడుల మధ్య పుట్టి, బళ్ళో పదేళ్ళు వీపు వాయించుకోని, ఆ రెండూ ఒకటేనని ఒక్కనాడూ తట్టలా.

‘ఇది కొత్తదేం కాదు తాతా, తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఇట్టా చదరాలు గీసి వర్గ సమీకరణాలు సాధించినాడు’ అనింది. మా రోజులకు ముందు రోజుల సంగతి దీన్నెవరడిగినారు? ఎక్స్ స్క్వేర్ ప్లస్ 25 ఎక్స్ ప్లస్ 150 ఇస్తే నూటయాభై బిళ్ళలు ఏ చాప మీద పరస్తావే అని నోరు మూయించినా. పదీ పదిహేనూ అని నేను ఇట్టే చెప్పినా గదా!

రాత్రి అందరూ పడుకున్నాక ఊరికే, చెదలు పట్టినాయేమోనని ఆ అట్టముక్కల డబ్బా తీసినా. ఇంకో లెక్కకి విడిగా పెట్టినవి రెండు చదరాలు, ఏడు బద్దలు, మూడు బిళ్ళలు. చదరాలు పక్కపక్కన పెట్టి, ఒక పక్కన మూడు బద్దలు నిలబెట్టి, కింద నాలుగు పరిస్తే మూలన ఆరు బిళ్ళల చోటు మిగిలింది. ఉండేవి మూడే. ఎవుడో పిల్లోడు మింగినాడనుకున్నా.

నీళ్ళ కోసం లేచొచ్చిన పిల్ల, ‘పక్కన ఒక్క బద్దే పెట్టు తాతా, ఆరు కింద పెట్టు’ అనింది.

‘తెలుసులే, పోయి పడుకో’ అన్నా.