బంపర్‌కూ ఓ గోత్రం

అంబాసిడర్‌కు దెబ్బ తగిలితే యజమాని దిగి ముందు ఎదుటివాడి బండికేసి చూసేవాడు. తనది ఉక్కు బంపర్. సొట్ట పడితే టింకరింగ్ షెడ్డులో నాలుగు సుత్తి దెబ్బలు, పైన క్రోమ్ పూత, అంతే. ప్లాస్టిక్ వచ్చాక ఈ ధీమా పోయింది.

నిజానికి ప్లాస్టిక్ బంపర్ రంగప్రవేశమే మహా ఆర్భాటంగా జరిగింది. 1968 పాంటియాక్ జీటీఓకు పెట్టిన ఎండ్యూరా బంపర్‌ని ఇనప కడ్డీతో బాది, చెక్కుచెదరలేదని అమెరికాలో ప్రకటనలు ఇచ్చారు. ఫ్రాన్స్‌లో 1972లో వచ్చిన రెనో 5 ప్లాస్టిక్ బంపర్లతోనే పుట్టింది. మన మధ్యతరగతికి ఆ భాగ్యం నల్ల బంపర్ల మారుతీ 800తో దక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. పాత బండి క్లాసిక్ అయిందనడానికి గుర్తు ఒకటే: స్పేర్ పార్టుల షాపువాడు తలెత్తకుండానే ‘అది ఇప్పుడు రావట్లేదండీ’ అంటాడు.

విజయవాడలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు తన 800ని రివర్స్ చేస్తుంటే గేటు స్తంభం అడ్డొచ్చింది. స్తంభం ఎప్పటినుంచో అక్కడే ఉందని ఇంట్లోవాళ్లు గుర్తుచేశారు. ఎండకు ఏళ్ల తరబడి పెళుసెక్కిన బంపర్ జానెడు మేర చిట్లింది. మాస్టారు సూపర్ గ్లూ రాశారు. వేళ్లు అతుక్కున్నాయి, బంపర్ అతుక్కోలేదు. ఆపైన ఎపాక్సీ ముద్ద మెత్తారు. అది వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాకా వచ్చి, అక్కడ దిగిపోయింది.

ఆటోనగర్ మేస్త్రీ బంపర్ ఊడదీసి, తిరగేసి, లోపలి వైపు గుడ్డతో తుడిచాడు.

“ఏం చూస్తున్నావయ్యా?”

“గోత్రం అండీ మాస్టారూ.”

ప్లాస్టిక్ రకాన్ని పీపీ, ఏబీఎస్ అంటూ లోపలి వైపే అచ్చు వేస్తారు. పాతవాటికి ఆ ముద్ర లేకపోతే చిన్న పేలిక కోసి నీళ్లలో వెయ్యడమే. పీపీ, అంటే పాలీప్రొపిలీన్, నీటికంటే తేలిక కాబట్టి తేలుతుంది. ఏబీఎస్ మునుగుతుంది. అంటిస్తే పీపీ కొవ్వొత్తి వాసన వేస్తుంది, ఏబీఎస్ నల్లటి మసి కక్కుతుంది. మాస్టారి పేలిక తేలింది, కొవ్వొత్తి వాసనా వచ్చింది.

గ్లూ ఎందుకు ఓడిపోయిందో అప్పుడు తేలింది. ఏబీఎస్ అయితే అసిటోన్‌కి కరుగుతుంది, ఆ ముక్కలే కరిగించి పేస్టులా పూయొచ్చు. పీపీ అసిటోన్‌కి లొంగదు, మామూలు జిగురును దగ్గరికి రానివ్వదు. దాన్ని వేడితో కరిగించి, పీపీ కడ్డీతోనే అతకాలి. పెళ్లికి సగోత్రం పనికిరాదు, బంపర్‌కు సగోత్రమే కావాలి.

మేస్త్రీ ముందు పగులు కొసన సన్నటి బెజ్జం వేశాడు.

“చిరిగింది చాలదా, చిల్లు కూడానా?” అన్నారు మాస్టారు.

పగులు కొస సూదిమొనలా ఉంటుంది, ఒత్తిడంతా అక్కడే చేరి చీలిక ఇంకా పాకుతుంది. గుండ్రటి బెజ్జం ఆ ఒత్తిడిని చుట్టూ పంచుతుంది. ఆ సంగతి విన్నాక మాస్టారు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. మేస్త్రీ పగులు వెంబడి ‘వి’ ఆకారంలో గాడి తీసి, వెనకవైపు స్టీలు జాలీని సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి దించాడు. ముందువైపు గాడిలో పీపీ కడ్డీని కరిగించి నింపాడు. గరుకు కాగితం పట్టగానే పీపీ నూగులా లేచింది. వేడి గాలి చూపిస్తే ఆ నూగు అణిగింది. రంగు పట్టడానికి ముందుగా ఒక ప్రత్యేకమైన ప్రైమర్, ఆపైన సాగే లప్పం, చివరికి నల్ల రంగు.

తీరా బంపర్ తళతళలాడేసరికి పక్కనున్న ఫెండర్లు వెలిసిపోయినట్టు తెలిసింది. మేస్త్రీ బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు.

“ఫుల్ పెయింటింగ్‌కి ఎస్టిమేట్ వెయ్యమంటారా మాస్టారూ?”

నలభై మంది పిల్లల మార్కులు నోటితో కూడిన ఆయన, ఈ ఒక్క లెక్క మాత్రం ఇంట్లో అడిగి చెబుతానన్నారు.