మీ వింతలన్నీ మా అరుగు మీదివే

ఈ కాలం పిల్లలకు తెలియని సంగతి లేదు నాయనా, ఒప్పుకుంటాను. ఆక్టోపస్‌కు మూడు గుండెలంటారు. శుక్రగ్రహం మీద ఏడాది కన్నా రోజే పెద్దదంటారు. నిజమే, కాదనను. కానీ "అదెలాగరా?" అని ఒక్క మాట అడిగి చూడు, నోరు పెగలదు. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కన 243 రోజులు పడుతుంది, సూర్యుణ్ణి చుట్టి రావడానికి 225 రోజులు చాలు. ఇంతే కథ. ఇంతమాత్రం చెప్పేలోగా నీ బొటనవేలు ఇంకో రీలు మీదికి జారిపోయి ఉంటుంది. అందులో ఎవరో ఇంకో వింత చెబుతుంటాడు.

మా రోజుల్లో బయటి ప్రపంచపు వింత ఒకటి ఊళ్ళోకి రావడమంటే మాటలు కాదు. మా అయ్యవారు శనివారం తాలూకా గ్రంథాలయానికి సైకిలు మీద వెళ్ళి, ఏదో చదివి, కాగితం మీద రాసుకొచ్చి, సోమవారం పొద్దున నల్లబల్ల పైమూల ఆ విశేషం రాసేవారు. ఆ బల్లనైనా మేమే దొండాకు పసరు, బొగ్గుపొడి కలిపి రుద్ది నల్లగా చేసేవాళ్ళం. ఆ ఒక్క విశేషం మాకు వారమంతా సరిపోయేది. నార్వేలో అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడని రాసినప్పుడు, మరి అక్కడివాళ్ళు కోడి ఎప్పుడు కూసిందనుకుని లేస్తారని మేము చింతచెట్టు కింద రెండు జట్లుగా చీలి వాదించుకున్నాం. ఆ వాదన తీర్చడానికి అయ్యవారు ఒక నిమ్మకాయ, ఒక దీపం తెచ్చి భూమి వాలు చూపించారు. ఇన్నేళ్ళయినా ఆ నిమ్మకాయ ఎటు ఒరిగిందో చెప్పగలను. నిన్న చూసిన రీలులో ఏముందో నువ్వు చెప్పు చూద్దాం.

సరే, చదువుల వింతలకే వద్దాం. జపాను బళ్ళలో పిల్లలే తరగతి గది ఊడ్చి తుడుస్తారట, మధ్యాహ్నం అన్నం కూడా పిల్లలే తెల్ల ఏప్రాన్లు కట్టుకుని వడ్డిస్తారట. మీరంతా ఆహా ఓహో అంటూ ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒరే అబ్బాయ్, మీ తాతలూ అదే చేశారు. శనివారం వచ్చిందంటే ఒకడు చీపురు, ఒకడు నీళ్ళ బిందె, ఆడపిల్లలు పేడ కలిపి అలికేవాళ్ళు. అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వతో ఉప్మా వండితే పెద్ద తరగతివాళ్ళం విస్తరాకులు పరిచి చిన్నవాళ్ళకు వడ్డించి, ఆ తర్వాతే మేము కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మీ పిల్లవాడి చేతికి బడిలో చీపురిచ్చారంటే సాయంత్రానికల్లా ప్రిన్సిపాలు గది ముందు తల్లిదండ్రుల గుంపు చేరుతుంది.

ఫిన్లండులో ఏడో ఏట గానీ పిల్లల్ని బడిలో ఒకటో తరగతికి పంపరు. 1948 నుంచి బడిపిల్లలందరికీ వేడి వేడి భోజనం ఉచితం. అదేదో కొత్త శాస్త్రం కనిపెట్టినట్టు చెబుతారు. మా అమ్మ నన్ను ఆరో ఏడు వచ్చాకే బడికి పంపింది, అప్పటిదాకా దూడల వెంట తిరగమని వదిలేసింది. మీరేమో రెండున్నరేళ్ళ పసిగుడ్డుకు బూట్లు తొడిగి, మెడలో కార్డు తగిలించి, పసుపు వ్యానులో కుక్కి పంపుతున్నారు. స్వీడన్ వాళ్ళు బళ్ళలో తెరలు ఎక్కువయ్యాయని 2023లో మనసు మార్చుకుని, అచ్చు పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించారు. వాళ్ళు వెనక్కి నడిచి వస్తుంటే మీరు పుస్తకాల సంచి పారేసి ట్యాబులు కొంటున్నారు. ఎవరిని చూసి నేర్చుకున్నారో వాళ్ళే మానేసినా మీరు మానరు.

వీటన్నిటినీ మించిన వింత ఒకటుంది. అది మాత్రం మీ ఫోనులో ఎవరూ చెప్పరు. స్కాట్లండులో సముద్రం ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో మద్రాస్ కాలేజ్ అనే హైస్కూలు ఉంది. 1833లో పెట్టారు, నేటికీ అదే పేరు. స్కాట్లండు ఏమిటి, మద్రాసు ఏమిటి? అక్కడివాడే ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో మద్రాసులో ఎగ్మోరు దగ్గర సిపాయి దొరల అనాథ పిల్లల బడికి పెద్దగా కుదిరాడు. ఒకనాడు ఊళ్ళో అరుగు మీద నడిచే ఒక వీధిబడి ముందునుంచి పోతూ, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. కాగితం ఖర్చు లేదు, కలం ఖర్చు లేదు. తన బడిలోనూ అలాగే చేయించమంటే జీతం తీసుకునే మాస్టర్లు తమ వల్ల కాదన్నారు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి పిలిచి, నీకన్నా చిన్నవాళ్ళకు నువ్వే నేర్పు అన్నాడు. ఆ బుడతడు నేర్పేశాడు! బెల్ స్వదేశం పోయి 1797లో ఈ ముచ్చట పుస్తకంగా అచ్చు వేయించాడు. పైవాడు కిందివాడికి చెప్పే ఆ చదువుకు మద్రాసు పద్ధతి అనే పేరు పడింది. ఇంగ్లండులో పేదపిల్లల బళ్ళు వేలసంఖ్యలో ఆ దారిలోనే నడిచాయి. బెల్ పోయాక ఆయన వదిలిన డబ్బుతో సొంత ఊళ్ళో ఆ మద్రాస్ కాలేజ్ లేచింది. మన అరుగు మీద పుట్టిన సంగతి సముద్రాలు దాటి వెళ్ళి పేరు తెచ్చుకుంది, అరుగు మాత్రం మనం పగలగొట్టేసుకున్నాం.

ఇది తాత కల్పన అనుకునేరు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ దొర ఉండేవాడు. తెలుగుకు వ్యాకరణం రాసినవాడు, మన సంగతి బాగా తెలిసినవాడు. గవర్నరు మన్రో అడిగితే 1823లో తన జిల్లా బళ్ళ లెక్క రాసి పంపాడు. మా అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగమే, గనక అది మా ముత్తాతల లెక్క. మొత్తం 533 బళ్ళు, అందులో తెలుగువి 226. పిల్లలు పొద్దున ఆరింటికే రావాలి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనకబడేకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతుంది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే తీరు చాలా బాగుందనీ, ఇంగ్లండువాళ్ళు దాన్ని అనుకరించడం సబబేననీ ఆయనే రాశాడు. ఆ కాగితంలోనే ఇంకో మాటా ఉంది. సీమ గుడ్డలొచ్చి నేతపని దెబ్బతిని, జనం చితికిపోయి, పిల్లల్ని బడికి పంపే స్తోమత పోయి, బళ్ళు మూతపడుతున్నాయని. రెండువందల ఏళ్ళ కిందటే, అదీ కుంపిణీ కొలువులో ఉన్న దొరే అన్నాడు, మునుపటి రోజులే మేలని. చాదస్తం అని నన్నొక్కణ్ణే అనకండి.

అయితే ఒకటి. ఆ 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు అరవైమందే. చదువు రానివాణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసే కోదండం కూడా ఆ బళ్ళలోదే. మా నాన్న దాని గురించి చెప్పేటప్పుడు ఆ వయసులోనూ మణికట్లు తడుముకునేవాడు. మా అక్క నాకన్నా చురుకు. గడపలో కూర్చుని నా ఎక్కాలు విని నాకన్నా ముందు అప్పజెప్పేది, అయినా బడి మెట్టు ఎక్కలేదు. ఈరోజు మా వీధిలో ఆడపిల్లలు సైకిళ్ళ మీద బిలబిలమంటూ హైస్కూలుకు పోతుంటే చూడ్డానికి నేను వాకిట్లో కుర్చీ వేయించుకుంటాను. అది దిగజారుడు అని నా నోట ఎన్నడూ రాదు.

మిగతాదంతా దిగజారుడే. మా బడిలో ఒకే అయ్యవారు, అయిదు తరగతులు. నాలుగో తరగతిలో ఉండగా ఒకటో తరగతి పిల్లల్ని నాకు అప్పజెప్పారు. సొట్ట పలక పట్టుకుని ఏడ్చే ఒక చిన్నవాడికి 'ఋ' రాయించడానికి వాడి వేలు నా చేత్తో పట్టుకుని ఎన్ని సాయంత్రాలు ఇసుకలో తిప్పానో! వాడి వేలికొన ఎర్రబడేది, నాదీ ఎర్రబడేది. నాకు ఆ అక్షరం సరిగ్గా పట్టుబడింది అప్పుడే. వాడికి నేర్పకముందు దాన్ని నేను తిరగేసి రాసేవాణ్ణి. ఎదుటివాడికి చెబితే గానీ మన చదువులో చిల్లు ఎక్కడుందో కనబడదు. ఈ గుట్టు పంతుళ్ళ ట్రైనింగు కాలేజీల కన్నా ముందే అరుగుకు తెలుసు. ఇవాళ ఒకే అపార్ట్‌మెంటులో పైఅంతస్తు పిల్లవాడు పదో తరగతి, కింది అంతస్తువాడు మూడో తరగతి. ఒకడి పేరు ఒకడికి తెలియదు. ఇద్దరూ వేర్వేరు ట్యూషన్లకు వేర్వేరు ఆటోల్లో పోతారు.

కెన్యాలో కిమానీ మరూగే అనే ఆయన ఉండేవాడు. 2003లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక చదువు ఉచితం అనగానే, మరుసటి ఏడు 84 ఏళ్ళ వయసులో యూనిఫాం కుట్టించుకుని ఒకటో తరగతిలో చేరాడు. పసిపిల్లల మధ్య కూర్చుని ఓనమాలు దిద్దాడు. నువ్వు పంపిన వింతల్లో నాకు నిజంగా నచ్చింది అదొక్కటే, అందుకే ఆ వీడియో చెరపకుండా ఉంచమన్నాను.

నీకు వేసవి సెలవులు కదా. కింద ఇస్త్రీ బండి అతని కొడుక్కి తీసివేతలు రావడం లేదు, అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగిపోతున్నాడు, నేను చూశాను. సాయంత్రం అయిదింటికి పలక పట్టుకుని వాడి దగ్గరికి దిగు. అరుగు ఎలాగూ లేదు, సెల్లార్లో కార్ల పక్కన చాప వేసుకోండి. వాచ్‌మన్ అడ్డం చెబితే నా పేరు చెప్పు.