మా రోజుల్లో తెల్లవారకముందే చెరువు మీదికి

మా రోజుల్లో హుస్సేన్‌సాగర్ నీళ్లు పరీక్షించాలంటే చీకటితోనే పడవెక్కాల్సిందే. ఇప్పటి కుర్రాళ్లు ఎండెక్కాక కారు దిగి, గట్టువారన మీటరు ముంచి, అంకె రాసుకుని పోతున్నారు. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది సార్" అంటారు. ఎందుకుండదు నాయనా! నాలాలు మోసుకొచ్చిన భాస్వరం, నత్రజని తిని బలిసిన నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. రాత్రయితే అదే నాచు తిరిగి పీల్చేసుకుంటుంది. చేపకు ఊపిరాడనిది తెల్లవారుజామున. బతకడానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉందా లేదా అని చూడాల్సింది ఆ వేళలోనే.

మేము 300 మిల్లీలీటర్ల గాజుసీసాలో ఒక్క గాలిబుడగ కూడా చేరకుండా నీళ్లు పట్టేవాళ్లం. పడవలోనే మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు కలిపేవాళ్లం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగేది, లేకపోతే తెల్లగానే ఉండిపోయేది. ల్యాబుకు తెచ్చి, ఆమ్లం పోసి, స్టార్చ్ వేసి, నీలిరంగు పోయేదాకా థయోసల్ఫేటు చుక్కచుక్కగా వదిలితేనే అంకె తేలేది. పైనీళ్లకొక సీసా, అడుగునీళ్లకొక సీసా. అడుగునీళ్లు కుళ్లిన గుడ్ల కంపు కొట్టాయంటే సంగతి అక్కడే తెలిసిపోయేది. ఇప్పుడు అడుగు సంగతి అడిగేవాడేడి?

అసలు కథంతా అడుగునే ఉంది. 2006లో జపాన్ రుణం తీసుకుని చెరువు బాగుచేత మొదలుపెట్టారు. కూకట్‌పల్లి నాలా మురుగు మళ్లించడం, పూడిక తీయడం, శుద్ధి కేంద్రాలు కట్టడం, అన్నీ కావలసిన పనులే. కానీ మురుగు తగ్గించినంత మాత్రాన చెరువు బాగుపడినట్టు కాదు. అడుగు బురద పాత బాకీ మరిచిపోని షావుకారు లాంటిది. ఏళ్ల తరబడి చేరిన భాస్వరమంతా అందులోనే ఉంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు బురదలోని ఇనుము దాన్ని పట్టి ఉంచుతుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే వదిలేస్తుంది. బయటి నుంచి మురుగు చుక్క రాకపోయినా నీళ్లు మళ్లీ పచ్చబడతాయి. పైగా మనకు వానాకాలంలో నాలాలు పొంగడం ఉండనే ఉంది.

మన తెలుగు పిల్లలు ఎంతోమంది కాపురముంటున్న సియాటిల్ పక్కనే వాషింగ్టన్ సరస్సు ఉంది. 1963 నుంచి 1968 దాకా దశలవారీగా దాని మురుగు మళ్లించారు. ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసరు మళ్లింపుకు ముందు నుంచీ, ఆ తర్వాత దశాబ్దాల పాటూ కొలుస్తూనే వచ్చారు. అందుకే నీళ్లు ఎందుకు తేటపడ్డాయో లెక్కతో చెప్పగలిగారు. మొదటిది భాస్వరం తగ్గడం. రెండోది, 1976 నుంచి డాఫ్నియా అనే నలుసంత జీవి విరివిగా పెరిగి నాచును మేసేయడం. లోతైన ఆ సరస్సుకే అంత ఓపిక కావలసివస్తే, లోతు తక్కువైన మన సాగరానికి ఎంత కావాలి?

కొత్త యంత్రాల మీద నాకేమీ పగ లేదు. రాత్రంతా మేలుకుని కొలిచే సెన్సరు మా రోజుల్లో ఉంటే కళ్లకద్దుకునేవాళ్లం. అయితే నీళ్లలో వదిలిన సెన్సరుకు నాచు పడుతుంది. తుడిచేవాడు, సీసా పరీక్షతో సరిపోల్చేవాడు లేకపోతే అది చెప్పేదంతా అబద్ధమే. తెరమీద అంకె కనబడగానే నమ్మేయడం ఇప్పటి జబ్బు. మా రోజుల్లో అంకెను ముందు అనుమానించి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే పుస్తకంలో రాసేవాళ్లం.

రిబ్బను కత్తిరించినంత సంబరంగా సీసా పట్టే పని ఎవరూ చేయరు. అయినా చెరువును కాపాడేది ఆ పనే. నీళ్లు పరీక్షించే పిల్లలారా, ఇదొక్కటి చేయండి. భాస్వరం, నైట్రేట్, తెల్లవారుజాము ఆక్సిజన్, అడుగునీళ్ల ఆక్సిజన్, ఈ నాలుగూ నెలనెలా అవే చోట్ల, అదే వేళకు కొలవండి. ట్యాంక్‌బండ్ మీద నడిచే ప్రతివాడికీ కనిపించేలా బోర్డు మీద రాయండి. మంచి అంకె వచ్చిన నెలే కాదు, చెడ్డ అంకె వచ్చిన నెల కూడా రాయండి.